పాటింగ్ మిక్స్ బస్తా కొంటున్నారా? మొక్క నాటేముందు విప్పి వాసన చూడండి

మొదటిసారి కూరగాయల మొక్కలు పెంచుతూ, 'నేరుగా వాడుకోవచ్చు' అని రాసున్న పాటింగ్ మిక్స్ (కుండీల్లో నింపడానికి ఎరువు, కోకోపీట్ కలిపి అమ్మే మిశ్రమం) తెప్పించుకునేవాళ్లు జాగ్రత్త. ఆ మాట నమ్మి 4 బస్తాలు కొన్నాను. 12 టమాటా మొక్కల్లో 9 పోయాయి.

నాటాక మూడు రోజులు బాగానే ఉన్నాయి. ఐదో రోజుకి ఆకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడాయి. తర్వాత కింది ఆకులు వరసగా పసుపెక్కాయి. పురుగేమో అనుకుని వేపనూనె కొట్టాను. బలం చాలలేదేమో అనుకుని ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం ఉన్న లవణం) వేశాను. అసలే ఉప్పు ఎక్కువై చస్తున్న మొక్కకి ఇంకాస్త ఉప్పు తినిపించానన్నమాట! ఆకు వెనక్కి తిప్పి చూస్తే ఒక్క తెల్లదోమ లేదు, పేను లేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

చివరికి చచ్చిన మొక్క ఒకటి పీకి చూశాను. నారు ట్రేలోంచి వచ్చిన మట్టిముద్ద దాటి ఒక్క వేరు కూడా బయటికి రాలేదు. వేళ్ల కొసలు గోధుమరంగులో మెత్తబడి ఉన్నాయి. కుండీ అంచున తెల్లటి పొడి పేరుకుంది (ఉప్పదనం ఉన్న నీళ్లు పోసినా ఇలా వస్తుంది గానీ, వారానికే రాదు). మిగిలిన బస్తా విప్పి లోపలికి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, అమ్మోనియా ఘాటుకి కళ్లు మండాయి.

అంటే రెండు తప్పులు. కలిపిన ఎరువు మాగలేదు. పచ్చి ఎరువులోంచి వచ్చే అమ్మోనియా వేళ్లని కాలుస్తుంది. అందులోని పొట్టు, చెక్కముక్కలు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటాయి, ఆకులు పసుపెక్కుతాయి. రెండోది, అందులో కలిపిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సరిగ్గా కడగలేదు. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఉంటాయి. కడగకపోతే అవన్నీ వేళ్ల దగ్గరే ఉండిపోతాయి.

అమ్మినవాళ్లని అడిగితే 'నీళ్లు ఎక్కువ పోసుంటారు' అన్నారు. నిజానికి ఇంకా ఎక్కువ పోసుంటే ఆ ఉప్పు కొంతైనా కొట్టుకుపోయేది! ఫొటోలు పంపాక, విప్పిన బస్తా వాపసు తీసుకోలేం అన్నారు. అందుకే బస్తా విప్పేటప్పుడే వీడియో తీసి పెట్టుకోండి.

మాగిన మట్టికి వాన పడ్డ నేల వాసన వస్తుంది, చేతికి చల్లగా ఉంటుంది. అయినా నమ్మకం కుదరకపోతే రెండు చిన్న కప్పులు తీసుకుని, ఒకదాంట్లో ఈ మిక్స్, ఇంకోదాంట్లో మీ పాత మట్టి నింపి తలా 10 ముల్లంగి గింజలు వేయండి. వారంలో తేడా కళ్లముందే ఉంటుంది. నేనూ ఇలా ఒక్క వారం ఆగి ఉంటే నా నారు మొత్తం దక్కేది.

ఇప్పటికే నాటేశారా? ఎరువులు, మందులు ఆపేయండి. వాసన లేకుండా తెల్లపొడి మాత్రమే ఉంటే, కుండీ అడుగునుంచి బాగా కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్లు పోయండి. అమ్మోనియా వాసన ఉంటే మాత్రం మొక్కని తీసి పాత మట్టిలోకి మార్చాల్సిందే. ఆ మిక్స్‌ని కుప్పపోసి, తడి ఆరకుండా తిరగేస్తూ కొన్ని వారాలు మాగనివ్వండి. నాటిన కొత్తలో అడుగున ఒకటి రెండు ఆకులు పండడం మామూలే, దానికి టెన్షన్ వద్దు.

అలా మార్చిన 3 మొక్కలకి ఇప్పుడు కొత్త చిగురు వచ్చింది. బస్తాలతో పాటు ఉచితంగా ఒక టానిక్ సీసా ఇచ్చారు. అందులో ఏముందో దానిమీద ఎక్కడా రాయలేదు. మూత కూడా తీయలేదు నేను.