స్కాన్ఎఫ్‌తో చదవాలా, ఎఫ్‌గెట్స్‌తో చదవాలా?

సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లకు ఇన్‌పుట్ చదవడానికి ముందుగా చూపించేది స్కాన్ఎఫ్ (scanf) ఫంక్షన్‌నే. ఒక్క లైనుతో అంకె చేతికొస్తుంది. కానీ అంకె అడిగిన చోట ఎవరైనా అక్షరం కొడితే? స్కాన్ఎఫ్ దాన్ని తీసుకోదు. బఫర్‌లోనే (టైప్ చేసినవి తాత్కాలికంగా ఉండే చోట) వదిలేసి, ఎన్ని విలువలు చదివిందో చెప్పే ఫలితంగా 0 ఇస్తుంది. లూప్‌లో ఉంటే మళ్లీ అదే అక్షరం, మళ్లీ 0. ప్రోగ్రాం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, కొత్తవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది.

ఎఫ్‌గెట్స్ (fgets) ఫంక్షన్ లైను మొత్తాన్ని అర్రేలోకి (అక్షరాలు వరుసగా దాచే చోటికి) తెస్తుంది. సైజు 100 అంటే 99 అక్షరాలకు మించి తీసుకోదు. తర్వాత ఆ అర్రే నుంచి చదివే ఎస్‌స్కాన్ఎఫ్ (sscanf)తో అంకెను విడదీసుకోవచ్చు. తప్పు లైను వస్తే వదిలేసి మళ్లీ అడగొచ్చు. పేరులాంటివి చదివినప్పుడు మాత్రం చివర చేరే న్యూలైన్‌ను (ఎంటర్ కొట్టిన గుర్తును) మనమే తీసేయాలి. (పాత గెట్స్ (gets) ఫంక్షన్ జోలికి వెళ్లకండి, సీ భాష 2011 ప్రమాణంలో దాన్ని తొలగించారు.)

అసలు తేడా ఇన్‌పుట్ అయిపోయినప్పుడు తెలుస్తుంది. అయిపోయిందని చెప్పడానికి లినక్స్‌లో లైను మొదట్లో కంట్రోల్-డి, విండోస్‌లో కంట్రోల్-జెడ్ కొట్టి ఎంటర్. అప్పుడు ఎఫ్‌గెట్స్ నల్ (NULL, ఏమీ లేదనే విలువ) ఇస్తుంది, లూప్ ఆగుతుంది. స్కాన్ఎఫ్ ఈఓఎఫ్ (EOF, ఇన్‌పుట్ ముగిసిందనే విలువ) ఇస్తుంది. అది రుణ సంఖ్య, సున్నా కాదు. సీలో సున్నా కానిదంతా నిజం కిందే లెక్క. అందుకే ఫలితాన్ని నేరుగా షరతుగా పెడితే లూప్ ఆగదు. ఒక అంకె చదివేటప్పుడు ఫలితం 1తో సమానమా అని చూడాలి. ఇన్‌పుట్ ముగిసిందా అని చెప్పే ఎఫ్ఈఓఎఫ్ (feof) ఫంక్షన్‌ను లూప్ షరతుగా పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. చదివే ప్రయత్నం విఫలమయ్యాకే అది నిజమవుతుంది కాబట్టి చివరి విలువ రెండుసార్లు లెక్కలోకి రావచ్చు.

ఫైలు నుంచి పద్ధతిగా వచ్చే అంకెలకు స్కాన్ఎఫ్ చాలు. మనిషి టైప్ చేసే చోట నా ఓటు ఎఫ్‌గెట్స్‌కే.