భూకంప నమూనాల పెట్టె: చెక్క దిమ్మెకు పూర్తి మార్కులు, పుస్తకానికి సగం

ఒంగోలు కర్నూలు రోడ్డులో పాఠశాలలకు ప్రయోగ సామగ్రి అమ్మే ఒక దుకాణంలో ఈ పెట్టె 2,400 రూపాయలకు దొరుకుతోంది. భూకంపం ఎలా పుడుతుందో, ఎలా ప్రయాణిస్తుందో ఉన్నత పాఠశాల విద్యార్థులు స్వయంగా చేసి తెలుసుకునేందుకు దీన్ని తయారుచేశారు. ఉప్పుకాగితం అతికించిన పలక, స్ప్రింగు కట్టిన చెక్క దిమ్మె, రంగు పొరల స్పాంజి దిమ్మెలు మూడు జతలు, పొడవాటి ఉక్కు స్ప్రింగు, కంపనాలను గీసే చిన్న పరికరం, ఒక తెలుగు పుస్తకం ఇందులో ఉన్నాయి.

వీటన్నిటిలో విలువైనది, చూడటానికి అతి సాదాగా ఉండే ఆ చెక్క దిమ్మె. దాని స్ప్రింగును ఒకే వేగంతో నెమ్మదిగా లాగుతుంటే దిమ్మె కొంతసేపు కదలదు. స్ప్రింగు సాగి సాగి, ఉప్పుకాగితం పట్టును మించిన క్షణంలో ఒక్కసారిగా ముందుకు జారి మళ్లీ ఆగిపోతుంది. భ్రంశానికి, అంటే భూమి లోపలి శిలలు జారే పగులుకు, ఇరువైపులా ఉన్న శిలలు కూడా ఇలాగే ఏళ్ల తరబడి వంగుతూ శక్తిని కూడబెట్టుకొని, ఘర్షణ ఇక ఆపలేనప్పుడు తటాలున జారి, అందులో కొంత శక్తిని తరంగాలుగా వదులుతాయని 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపాన్ని పరిశీలించిన హ్యారీ ఫీల్డింగ్ రీడ్ వివరించాడు. తర్వాతి జారుడు ఎప్పుడో చెప్పమని పిల్లలను అడిగి చూడండి. లాగే వేగం మారకపోయినా దిమ్మె ఒకసారి జానెడు, మరోసారి బెత్తెడు జారుతుంది కాబట్టి ఎవరి అంచనా నిలవదు. ఫలానా రోజు ఫలానా గంటకు భూమి కంపిస్తుందని వాట్సాప్‌లో తిరిగే జోస్యాలకు ఇంతకంటే మంచి జవాబు నేను చూడలేదు.

భ్రంశాలు జారే మూడు తీరులను చూపే స్పాంజి దిమ్మెలు ఫరవాలేదు. ఒక జతను ఎడంగా లాగితే ఏటవాలు కోతకు పైనున్న భాగం కిందికి దిగుతుంది, ఇంకో జతను దగ్గరకు నొక్కితే అదే భాగం పైకెక్కుతుంది, మూడో జత పక్కలకు జరుగుతుంది. జిగురు మాత్రం నాసిరకం.

ఉక్కు స్ప్రింగును ఇద్దరు నేల మీద సాగదీసి పట్టుకొని, ఒక చివరను ముందుకు వెనక్కి తోస్తే పి తరంగం, అడ్డంగా ఊపితే ఎస్ తరంగం అనే రెండు రకాల భూకంప తరంగాలు స్పష్టంగా కనబడతాయి. అయితే రెండింటి వేగాల తేడా ఇందులో తేలదు, దాన్ని ఉపాధ్యాయుడే బోర్డు మీద చెప్పాలి. భూమి పైపొరలో పి తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, ఎస్ తరంగం సుమారు మూడున్నర కిలోమీటర్లు పోతాయి; కాబట్టి 60 కిలోమీటర్ల దూరానికి మొదటిది 10 సెకన్లలో, రెండోది 17 సెకన్లలో చేరుతుంది. రెండూ చేరే సమయాల మధ్య ఉన్న తేడాలో ప్రతి సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల చొప్పున లెక్కిస్తే భూకంపం ఎంత దూరంలో పుట్టిందో తెలుస్తుంది, అలాంటి దూరాలు మూడు కేంద్రాల నుంచి అందితే చోటు కూడా తెలుస్తుంది.

కంపనాలు గీసే పరికరం నిరాశపరిచింది. నేల కదిలినా గుండు తన జడత్వం వల్ల నిలకడగా ఉంటేనే కాగితం మీద గీత పడాలి. వీళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ గుండు తేలికైనది కావడంతో బల్లతో పాటే ఊగిపోతోంది. దాని స్థానంలో కిరాణా కొట్లలో వాడే 200 గ్రాముల తూకపు రాయి కట్టిన తర్వాత గీతలు చక్కగా వచ్చాయి.

అసలు లోపం పుస్తకంలో ఉంది. తీవ్రత ఒక అంకె పెరిగితే భూకంపం పది రెట్లు పెద్దదవుతుందని రాసి ఊరుకున్నారు; పది రెట్లు పెరిగేది కంపన పరిమాణం, వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. అంతకంటే ఇబ్బందికరమైనది ప్రపంచ పటం. భూకంపాలను చూపే చుక్కలన్నీ ఫలకాల (నెమ్మదిగా కదిలే భూమి పైపొర ముక్కల) అంచుల మీదే వేయడం వల్ల, అంచులకు దూరంగా ఉన్న మన జిల్లాలకు ఈ పాఠంతో పని లేదని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. ఏడాదికి 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ ఆసియాను నెట్టే భారత ఫలకం లోపల కూడా ఒత్తిడి పేరుకొని, పాత భ్రంశాలు అప్పుడప్పుడు జారుతుంటాయి. 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతాన్ని కుదిపిన సుమారు 5.4 తీవ్రత భూకంపం, 1993లో లాతూరు వద్ద దాదాపు 10 వేల మందిని బలిగొన్న భూకంపం ఫలకం లోపల పుట్టినవే. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో స్వల్ప ప్రకంపనలు వచ్చినప్పుడు ఇళ్లలోంచి బయటికి పరుగెత్తిన పిల్లలకు ఈ పుస్తకం ఏ వివరణా ఇవ్వదు. గుండ్లకమ్మ వెంబడి భూవిజ్ఞానులు గుర్తించిన భ్రంశం గురించి, దేశంలో భూకంప ముప్పును జోన్లుగా చూపే 2002 నాటి పటం ఒంగోలు, నెల్లూరులను మధ్యస్థ ముప్పున్న మూడో జోన్‌లో చేర్చిన సంగతి గురించి ఒక పేజీ చేర్చడం తయారీదారులకు పెద్ద ఖర్చేమీ కాదు.

పాఠశాలకైతే కొనవచ్చు, ఇంట్లో ఒక్క పిల్లవాడి కోసమైతే ధర ఎక్కువే. ఉక్కు స్ప్రింగు విడిగా కూడా అమ్ముతున్నారు. స్పాంజి దిమ్మెలు ఊడిపోతే మాత్రం పెట్టె మొత్తం మళ్లీ కొనాల్సిందేనని దుకాణంవారు చెప్పారు.