ఆయిల్ ప్రెషర్ మీటర్: మా పాత ట్రాక్టర్ మీద ఏడేళ్ల వాడకం

మాది మూడు సిలిండర్ల పాత బండి. ఏడేళ్ల కిందట దమ్ము చేస్తుండగా ఇంజన్ వేడెక్కాక స్లోలో పెడితే ఆయిల్ లైటు (ప్రెషర్ పడిపోతే వెలిగేది) మిణుకుమిణుకుమనేది, రేజ్ ఇస్తే ఆరిపోయేది. మెకానిక్ పైపైన చూసి ఇంజన్ దించాలన్నాడు. మడిలో నారు ముదిరిపోతోంది, బండి షెడ్డుకెళితే వారం పోయినట్టే. నాకు టెన్షన్ పట్టుకుంది.

దించే ముందు ముల్లున్న మీటర్ ఒకటి కొన్నాను. దీనికి కరెంటుతో పనిలేదు, సన్నటి పైపులో ఆయిలే నేరుగా మీటర్ దాకా వస్తుంది. ఇంజన్ బ్లాకుకున్న ఆయిల్ లైటు స్విచ్ విప్పి అదే కన్నంలో బిగించాను.

స్టార్ట్ చేయగానే 4 కేజీలు (చదరపు సెంటీమీటరుకు) చూపించింది. అది చూసి మోసపోకండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, అరిగిన ఇంజన్లోనూ ముల్లు లేస్తుంది. అరగంట పని చేయించాక స్లోలో అర కేజీకి పడింది. అంటే లైటు చెప్పింది నిజమే. డిప్‌స్టిక్ తీశాను. కొత్తగా ఆయిల్ పోయకపోయినా మట్టం పైగీత దాటి ఉంది. కొసన చుక్క నిలవకుండా నీళ్లలా జారింది, డీజిల్ వాసన గుప్పుమంది. డీజిల్ అందించే ఫీడ్ పంపులో డయాఫ్రం, అంటే లోపలి పలచటి పొర, చిరిగి డీజిల్ చాంబర్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతోంది. డయాఫ్రం, ఆయిల్, ఫిల్టర్ మార్చాక వేడి మీద స్లోలో ఒకటిన్నర వచ్చింది. ఇంజన్ దించే పనే పడలేదు.

నాలుగేళ్లకు మళ్లీ పడింది, ఈసారి మెల్లమెల్లగా. ఆయిల్లో డీజిల్ లేదు. ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్ విప్పితే స్ప్రింగు, పిస్టన్ శుభ్రంగానే ఉన్నాయి. చాంబర్ దించితే ఆయిల్ పంపు పీల్చే చోటున్న జాలీ కూడా పూడుకోలేదు. కనెక్టింగ్ రాడ్ బేరింగులు మాత్రం పై పూత పోయి లోపలి రాగి రంగు తేలాయి. క్రాంకుకు గీతలు పడకముందే దొరకడం ఈ మీటర్ పుణ్యమే.

లోపాలూ ఉన్నాయి. దాంతో ఇచ్చిన ప్లాస్టిక్ పైపు సైలెన్సర్ వేడికి మెత్తబడింది. రాగి పైపు వేశాను, అదీ అదురుకు ఒకసారి చీలింది. మధ్యలో రెండు చుట్లు తిప్పి బిగించాక మళ్లీ చీలలేదు. వానాకాలం అద్దం లోపల చెమ్మ పడుతుంది. రాత్రి దున్నేటప్పుడు ముల్లు కనపడదు, అందుకే లైటు స్విచ్ కూడా టీ జాయింటు వేసి ఉంచుకున్నాను. రేజ్‌లో కూడా లైటు వెలిగితే మీటర్ వంక చూస్తూ కూర్చోవద్దు, ఇంజన్ వెంటనే ఆపేయాలి.

ప్రతి దమ్ముకు ముందు వేడి మీద వచ్చిన అంకె మడ్‌గార్డు లోపల పెయింటుతో రాస్తాను. నిరుడు 1.4. ఈసారి 1.3.