తిరుపతిలో పిల్లల ప్లే జోన్‌కు ఏడాది కార్డు కట్టబోతున్నారా? ఇది చదివాక నిర్ణయించుకోండి

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, మన ఊళ్లో మాల్ మెట్ల దగ్గర, ఎగ్జిబిషన్ గేటు దగ్గర, స్కూళ్లు వదిలే వేళకు రోడ్డు మీద కరపత్రాలు పంచుతారు. "ఒక్కసారి కట్టండి, మీ పిల్లలు ఏడాదంతా అన్‌లిమిటెడ్‌గా ఆడుకోవచ్చు" అని ఉంటుంది. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులందరికీ నేను చెప్పేది ఒక్కటే. ఈ ఏడాది కార్డులకు ముందుగా డబ్బు కట్టకండి. పిల్లల్ని ఆడించాలనుకుంటే ఆ పూటకు ఎంతో అంత కట్టి ఆడించండి. రేటు కాస్త ఎక్కువ పడినా, చోటు నచ్చకపోతే మళ్లీ వెళ్లకుండా ఉండే హక్కు మీ చేతిలో ఉంటుంది.

మేము ఇలాంటి కార్డు కొని ఇబ్బంది పడ్డ ప్లే జోన్ మీద ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దాని పేరు రాయడం లేదు. పేరు కంటే వాళ్ల పద్ధతి తెలియడం ముఖ్యం. ఇలాంటి కార్డులు ఒక్కచోటే అమ్ముతున్నారని నేను అనుకోవడం లేదు.

మా పాప యూకేజీ. బంతుల తొట్టి, జారుడుబల్ల, ట్రాంపోలిన్ (స్ప్రింగులకు బిగించిన, గెంతే గుడ్డ) చూడగానే అక్కడే ఉండిపోతానంది. కౌంటర్లో అమ్మాయి వెంటనే అందుకుంది. "అక్కా, ఆఫర్ ఈరోజే లాస్ట్. రేపట్నుంచి పద్దెనిమిది వేలు అవుతాది. ఇప్పుడు కడితే పన్నెండు వేలే." మా ఆయన ఆదివారాలు కూడా రావచ్చా అని అడిగారు. "ఎప్పుడైనా రావచ్చన్నా, అన్‌లిమిటెడ్ కదా" అంది. పాపతో ఇద్దరం లోపలికి రావచ్చా అంటే "ఫ్యామిలీ కార్డన్నా ఇది" అంది. అడగాల్సినవన్నీ అడిగాం, ప్రతిదానికీ అవుననే జవాబు వచ్చింది. యూపీఐలో డబ్బు పంపాక కార్డు చేతికిచ్చారు. దాంతోపాటు మడత పెట్టిన నిబంధనల కాగితం ఒకటి. అంతకుముందు ఆ కాగితం ఉందని కూడా ఎవరూ చెప్పలేదు.

అందులో ఏముందంటే, కార్డు సోమవారం నుంచి శుక్రవారం దాకానే, ఉదయం 11 నుంచి సాయంత్రం 5 వరకే పనిచేస్తుంది. ప్రభుత్వ సెలవు రోజుల్లో పనిచేయదు. దసరా, సంక్రాంతి సెలవుల్లో పనిచేయదు. ఏప్రిల్ 20 నుంచి జూన్ 15 దాకా అసలే పనిచేయదు. రోజుకు ఒక గంట, పాపతో ఒక్క పెద్దవాళ్లు. ప్రతిసారీ గ్రిప్ సాక్సులు (కాలు జారకుండా పట్టుండేవి) వాళ్ల దగ్గరే కొత్తవి కొనాలి. వరుసగా 30 రోజులు రాకపోతే కార్డు రద్దు. డబ్బు వాపసు లేదు.

బడికి వెళ్లే పిల్లకు ఇది ఎప్పుడు ఉపయోగపడుతుందో మీరే ఆలోచించండి. స్కూలు బస్సు దిగేసరికి నాలుగవుతుంది. మొహం కడిగి, ఇంత తినిపించి, ఎయిర్ బైపాస్ రోడ్డు ట్రాఫిక్‌లో అక్కడికి చేరేసరికి నాలుగున్నర దాటుతుంది. మిగిలేది అరగంట కూడా కాదు. పిల్లలు ఖాళీగా ఉండే రోజులన్నీ ఏరి పక్కన పెట్టి, మిగిలిన రోజుల్ని "ఏడాదంతా" అని అమ్ముతున్నారు. కార్డు లేకుండా వెళితే సోమవారం నుంచి శుక్రవారం దాకా గంటకు 400 తీసుకుంటున్నారు. అంటే పన్నెండు వేలు గిట్టుబాటు కావాలంటే 30 సార్లు వెళ్లాలి. ఆ అరగంటల కోసం ముప్పై సార్లు ఏ ఇంట్లో వెళ్లగలరు? పైగా సాక్సుల ఖర్చు, రెండో మనిషి టికెట్టు వేరే. మా అత్తగారు పాపకు కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా కూడా బయట రాక్‌లో పెట్టమన్నారు. లోపల దొరికేది పాప్‌కార్న్, నగ్గెట్స్.

డబ్బు సంగతి ఇంతవరకైతే ఈ పోస్టు రాసేదాన్ని కాదేమో. అసలు భయం ట్రాంపోలిన్ దగ్గర మొదలైంది.

నాలుగైదేళ్ల పిల్లలు గెంతే చోటే పదో తరగతి అబ్బాయిలు కూడా గెంతుతున్నారు. వేళలు వేరు లేవు, చోటు వేరు లేదు. చూసుకోవాల్సిన కుర్రాడు గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. స్ప్రింగుల మీద కప్పే మెత్త ఒకచోట ఊడి పక్కకు జరిగిపోయింది, దాని పక్కనే వల చిరిగింది. ఒక పెద్దబ్బాయి గట్టిగా గెంతగానే మా పాప అదుపు తప్పి ఎగిరి, ఆ సందులో కాలు ఇరుక్కుంది. మోకాలి కింద వాచిపోయింది. ఐస్ ప్యాక్ అడిగితే లేదన్నారు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా తాళం మేనేజర్ దగ్గర ఉందట. చివరికి క్యాంటీన్‌లోంచి చల్లటి నీళ్ల బాటిల్ తెచ్చి పెట్టాం. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలేదాకా మా ఇంట్లో ఎవరి టెన్షన్ తగ్గలేదు. పాప ఇప్పుడు బాగుంది.

ఎక్స్‌రే చూసిన డాక్టరుగారే చెప్పారు, ఆ తర్వాత నేనూ చదివాను. ట్రాంపోలిన్ మీద బరువైన మనిషి గెంతినప్పుడు ఆ గుడ్డ కిందికి వెళ్లి తిరిగి లేచే ఊపు పక్కనున్న చిన్నపిల్ల కాలి ఎముక మీద పడుతుంది. పిల్ల కింద పడకపోయినా మోకాలి కింద ఎముక చిట్లే ప్రమాదముంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో ఇచ్చిన సూచనల ప్రకారం, ట్రాంపోలిన్ దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకరికంటే ఎక్కువమంది ఒకేసారి గెంతుతున్నప్పుడే తగులుతున్నాయి. దెబ్బ తగిలేది ఎక్కువగా అందరిలోకి చిన్నవాళ్లకే. ఆరేళ్ల లోపు పిల్లల్ని అసలు ఎక్కించవద్దని అక్కడి ఎముకల వైద్యుల సంఘం చెబుతోంది. మన దగ్గర మాత్రం "రెండేళ్ల నుంచి పన్నెండేళ్లు" అని ఒకే బోర్డు పెట్టి, దాన్ని కూడా పట్టించుకోకుండా అందర్నీ ఒకే దాని మీదికి వదులుతున్నారు. మీ పిల్లల్ని ఏ ప్లే జోన్‌కు తీసుకెళ్లినా సరే, పెద్దపిల్లలు దిగేదాకా ట్రాంపోలిన్ ఎక్కనివ్వకండి. వాళ్లు ఏడ్చినా ఎక్కనివ్వకండి.

ఇంకొకటి. పాపను ఎత్తుకుని తొందరగా బయటపడదామని రెండో తలుపు వైపు వెళ్తే దానికి తాళం వేసి ఉంది, ముందు బర్త్‌డే పార్టీ కుర్చీలు పేర్చి ఉన్నాయి. అది పై అంతస్తు. చుట్టూ ఫోమ్, స్పాంజి, ప్లాస్టిక్ బంతులు. 2024 మే 25న గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి పాతికమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు. ఆ చోటుకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) లేదు. ఆ రోజు శనివారం, 99 రూపాయల టికెట్టు ఆఫర్ పెట్టడంతో జనం బాగా వచ్చారు. ఆ వార్త మనమందరం చూశాం, బాధపడ్డాం. కానీ మన పిల్లల్ని తీసుకెళ్లే చోట రెండో దారి తెరిచి ఉందా, ఫైర్ ఎన్‌ఓసీ ఉందా అని కౌంటర్లో అడిగేవాళ్లు నాకు ఇంతవరకు కనబడలేదు. దయచేసి అడగండి. అడిగితే విసుక్కుంటే అక్కడినుంచే వెనక్కి వచ్చేయండి.

ఇక్కడే ఏడాది కార్డు ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. ఏ పూటకాపూట డబ్బు కట్టేవాళ్లు వల చిరిగిందని చూస్తే రేపు రారు, ఆ భయంతోనైనా యజమాని వల కుట్టిస్తాడు. ఏడాది డబ్బు ముందే చేతిలో పడ్డాక అతనికి ఆ తొందర ఉండదు. మనమేమో కట్టిన డబ్బు పోతుందని, బాగాలేదని తెలిసినా పిల్లల్ని మళ్లీ తీసుకెళ్తాం. నాతో మాట్లాడిన ఒక తల్లి అదే చెప్పింది, "వల సంగతి తెలుసు మేడమ్, కార్డు అయిపోయేదాకా ఏదో జాగ్రత్తగా చూసుకుంటున్నాను" అని. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆన్‌లైన్ స్టార్లు చూసి నమ్మకండి. బయటికి వచ్చేటప్పుడు ఫైవ్ స్టార్ ఇస్తే పిల్లలకు ఐస్‌క్రీమ్ ఫ్రీ అంటారు. ఐస్‌క్రీమ్ కోసం పిల్లలు మారాం చేస్తుంటే ఎవరు కాదంటారు? ఒక స్టార్ ఇచ్చినవాళ్లు ఏం రాశారో వెతికి చదవండి. సాక్సులు, వాపసు, దెబ్బలు అన్న మాటలు అక్కడే కనిపిస్తాయి.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. మాకిచ్చిన రసీదులో జీఎస్‌టీ నంబరు లేదు. డబ్బు వెళ్లింది సంస్థ ఖాతాకు కాదు, ఒక మనిషి పేరున్న ఖాతాకు. జీఎస్‌టీ నంబరులో 15 అక్షరాలుంటాయి, మన రాష్ట్రంలో నమోదైనదైతే 37తో మొదలవుతుంది. దాన్ని జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో కొడితే సంస్థ అసలు పేరు వస్తుంది. క్యూఆర్ స్కాన్ చేయగానే ఎవరి పేరు పడుతుందో చూసి, బోర్డు మీది పేరుతో కలవకపోతే అక్కడే ఆగి అడగండి.

పిల్లలకు ఆట కావాలి, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇలాంటి గదులే దిక్కు కాదు. 1987లో మొదలైన శ్రీ వేంకటేశ్వర జూపార్కు 5,532 ఎకరాల్లో ఉంది, ఒక పూటలో నడిచి చూడటం పెద్దవాళ్లకే కష్టం. పొద్దున్నే వెళితే పిల్లలకు ఎండ దెబ్బ తగలదు. అలిపిరి వైపున్న ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో పిల్లలు చేత్తో ముట్టుకుని, తిప్పి చూసే పరికరాలున్నాయి. మా పాపకు అక్కడినుంచి రావడమే ఇష్టం ఉండదు. చంద్రగిరి కోట రాజమహల్ పురావస్తు శాఖది కాబట్టి 15 ఏళ్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు. ముందున్న పచ్చిక మీద వాళ్లు పరుగెత్తుతుంటే మనం కూర్చుని చూసుకోవచ్చు. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది గుర్తుపెట్టుకోండి. తలకోన జలపాతానికి మాత్రం మరీ చిన్నపిల్లలతో వర్షాకాలంలో వద్దు, రాళ్ల మీద పాకుడు ఉంటుంది.

మా ఫిర్యాదు విషయానికి వస్తే, వాపసు అడిగిన రోజు కౌంటర్లో మాతో సంతకం పెట్టించుకున్న మరో కాగితం చూపించి "దెబ్బలకు మాకు బాధ్యత లేదని రాసి ఉంది సార్" అన్నారు. రెండోసారి అడిగితే మేనేజర్ మారిపోయాడన్నారు. తర్వాత మూడు నెలలు కార్డు పొడిగిస్తాం, అంతకంటే చేయలేం అన్నారు. మాకు ఆ పొడిగింపు అక్కర్లేదు, పాపను మళ్లీ అక్కడికి పంపం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అవతలివాళ్ల నుంచి "మా పాలసీ ఇది" అన్న జవాబు తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాం.

ఇలాంటి కార్డు మీ దగ్గర కూడా ఉంటే నిరాశపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో "సేవలో లోపం" అన్నదాని కిందికే నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టం, దెబ్బ కూడా వస్తాయి. వాళ్లు ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని ఆగిపోనక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే దాఖలు చేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా చేయవచ్చు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా యజమానికి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపి దాని రసీదు దాచుకోండి. యూపీఐ స్క్రీన్‌షాట్, వాట్సాప్‌లో వాళ్లు పంపిన ఆఫర్ ఫోటో, నిబంధనల కాగితం, ఆసుపత్రి చీటీలు అన్నీ ఒకచోట పెట్టండి. చిరిగిన వల, తాళం వేసిన తలుపు కనిపిస్తే తేదీ పడేలా ఫోటో తీసుకోండి, తర్వాత అడిగితే అన్నీ బాగానే ఉన్నాయంటారు. కార్డు గడువు ముగిసిందని దాన్ని చెత్తలో వేయకండి, కేసుకు అది కూడా కావాలి.