హార్న్‌బిల్ ఉత్సవానికి వెళ్లేవాళ్ల కోసం: కిసామా, కోహిమా, ఖొనోమా

హార్న్‌బిల్ ఉత్సవం ఏటా డిసెంబరు 1 నుంచి 10 దాకా జరుగుతుంది. చోటు కిసామా. కోహిమా నుంచి ఇంఫాల్ వెళ్లే రోడ్డు మీద సుమారు 12 కిలోమీటర్లు. నాగాలాండ్ ప్రభుత్వం 2000లో దీన్ని మొదలుపెట్టింది. ఒక్కో తెగకు ఏడాదిలో ఒక్కో నెలలో వచ్చే పండుగల పాటలూ ఆటలూ ఒకే కొండవాలు మీద చూడొచ్చన్నది దీని ఉద్దేశం. పది రోజులూ ఇక్కడే గడపాలని టికెట్లు తీసుకునేవాళ్లు చాలామంది. అంత అవసరం లేదు. వారం సెలవు దొరికితే కిసామాకు మూడు రోజులు, కోహిమా ఊరికి ఒక రోజు, మిగతాది ఏదో ఒక పల్లెకు ఇవ్వండి. కిసామాలో తెగలన్నీ పరిచయం అవుతాయి, పల్లెలో ఒక తెగ అర్థమవుతుంది. రెండోది లేకపోతే మొదటిది వేషాల ప్రదర్శనగానే మిగిలిపోతుంది.

ముందు పర్మిట్ సంగతి. నాగాలాండ్‌లోకి అడుగుపెట్టే భారతీయులందరికీ ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది. ఫొటో, గుర్తింపు కార్డు, బస వివరాలు సిద్ధంగా పెట్టుకోవాలి. దీమాపూర్ ఒకప్పుడు ఈ నిబంధనలో లేదు, 2019 డిసెంబరు నుంచి అదీ చేరింది. పాత వ్యాసాలు చదివి దీమాపూర్‌లో దిగాక చూసుకుందామనుకుంటే ఇబ్బంది పడతారు. నవంబరు చివర్లో దరఖాస్తులు వెల్లువెత్తుతాయి కాబట్టి రెండు మూడు వారాల ముందే పెట్టండి. ఫోన్‌లో ఉన్నా సరే, రెండు కాగితం కాపీలు దగ్గర ఉంచుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మన ప్రవాస బంధువులకు ఈ పర్మిట్ సరిపోదు, వాళ్ల నిబంధనలు వేరు. 2024 డిసెంబరులో అవి మళ్లీ కఠినమయ్యాయి.

హైదరాబాద్ నుంచి గువాహటికి నేరుగా విమానాలున్నాయి. అక్కడినుంచి రైలు ఎక్కితే దీమాపూర్‌లో దిగొచ్చు. కోల్‌కతా మీదుగా దీమాపూర్‌కే విమానంలోనూ వెళ్లొచ్చు. కోస్తా జిల్లాల వాళ్లకు కన్యాకుమారి–దిబ్రుగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ ఉంది. విజయవాడ, విశాఖపట్నం మీదుగా వచ్చి దీమాపూర్‌లో ఆగుతుంది. గంటల కొద్దీ ఆలస్యం కావడం దానికి మామూలే కాబట్టి ఆ రోజుకు మరో ప్రయాణం జతచేయొద్దు. దీమాపూర్ నుంచి కోహిమా 70 కిలోమీటర్ల పైచిలుకు. స్టేషన్ దగ్గర షేర్ టాక్సీలు, సుమోలు దొరుకుతాయి. నాలుగు వరుసల రోడ్డయినా కొండచరియలు విరిగిన చోట్ల బండ్లు ఆగుతుంటాయి. రెండున్నర నుంచి మూడు గంటలు వేసుకోండి. డిసెంబరులో వాన బెడద ఉండదు, దుమ్ము మాత్రం ఉంటుంది. మాస్కు పెట్టుకోండి. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. దీమాపూర్‌లో మధ్యాహ్నం రెండు దాటాక బయల్దేరితే ఘాట్ రోడ్డంతా చీకట్లోనే.

ఏ తేదీలు మంచివి? డిసెంబరు 1 నాగాలాండ్ రాష్ట్రావతరణ దినం కూడా (1963). ఆ రోజు ప్రముఖుల రాక, బందోబస్తు, ట్రాఫిక్ కలిసి సగం పూట రోడ్డు మీదే పోతుంది. చివరి రోజు రాత్రి పెద్ద నెగడు చుట్టూ అందరూ కలిసి ఆడతారు. అది చూడదగ్గదే కానీ గదులు మళ్లీ కిటకిట. మధ్యలో వచ్చే పనిదినాలు అన్నిటికన్నా మేలు. కోహిమా నుంచి కిసామాకు మామూలుగా అరగంట పైన పడుతుంది, రద్దీ రోజుల్లో గంటన్నర కూడా పట్టొచ్చు.

నృత్యాలు మైదానంలో ఉదయం ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత జరుగుతాయి. ఒక్కో తెగకు కొన్ని నిమిషాలే. అసలు పండుగలో రోజంతా సాగే పాటను ఇక్కడ ముక్కగా కత్తిరించి చూపిస్తారు. అందుకే ఏం చూడాలో తెలిసి కూర్చుంటే బాగుంటుంది. కొన్యాక్‌ల యుద్ధ నృత్యంలో నాటు తుపాకులు పేలతాయి. వాటిలో మందే ఉంటుంది, గుండు ఉండదు. చప్పుడు మాత్రం గుండెలదిరేలా ఉంటుంది, పసిపిల్లల చెవులు మూయండి. అంగామీ, చాఖెసాంగ్ బృందాల్లో వాయిద్యాల హోరు తక్కువ, గొంతులదే పని. ఒకరు ఎత్తుకున్న పాటను మిగతావాళ్లు వేర్వేరు స్థాయిల్లో అందుకుంటారు. చాఖెసాంగ్‌లు దాన్ని 'లి' అంటారు. ఒంటి తీగ వాయిద్యం 'తాతి' వినబడితే దగ్గరికి వెళ్లి కూర్చోండి, మైకులో దాని అందం సగం పోతుంది. తలపాగాల్లోని హార్న్‌బిల్ ఈకల్లో ఇప్పుడు కృత్రిమమైనవి చాలా ఉన్నాయి. ఆ పక్షి వేట నిషిద్ధం కాబట్టి ఇది సంతోషించాల్సిన మార్పు. ఎవరైనా అసలు ఈక, పులిగోరు, ఎలుగు పన్ను అని అమ్మజూపితే ముట్టుకోవద్దు. వన్యప్రాణి చట్టం కింద కొన్నవాళ్లదీ నేరమే.

మైదానం కన్నా విలువైనవి దాని వెనక కొండవాలు మీదున్న మొరుంగ్‌లు. ఊళ్లో కుర్రకారు ఒకచోట పడుకుని, పనీ పాటా, యుద్ధం, ఊరి కట్టుబాట్లు నేర్చుకునే ఇల్లే మొరుంగ్. కిసామాలో ప్రతి తెగకూ ఒకటి కట్టారు. పెద్ద చెట్టు మొద్దును తొలిచి చేసిన డప్పు కొన్నిటిలో కనిపిస్తుంది. శత్రువు వచ్చినా, నిప్పంటుకున్నా, పెద్దమనిషి పోయినా దాన్నే మోగించేవారు. ప్రదర్శనకు ముందు ఉదయం పదిలోపు మొరుంగ్‌ల దగ్గరికి వెళితే వేషం కట్టుకునే పని కళ్లారా చూడొచ్చు, పెద్దలు తీరిగ్గా మాట్లాడతారు. ఫొటో తీసేముందు అడగండి. కొందరు డబ్బు అడుగుతారు, ఇష్టమైతే ఇవ్వండి, లేకపోతే నవ్వి పక్కకు తప్పుకోండి. బేరమాడటం మర్యాద కాదు.

భోజనం కూడా మొరుంగ్‌ల వంటశాలల్లోనే చేయాలి, గేటు దగ్గరి చైనీస్ నూడుల్స్ దుకాణాల్లో కాదు. నాగా వంటలో పోపు లేదు, మసాలా పొడులు లేవు, నూనె దాదాపు లేదు. రుచంతా పొగ, పులుపు, పులియబెట్టిన దినుసుల నుంచి వస్తుంది. అరకు, మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిన్నవాళ్లకు వెదురులో ఉడికిన మాంసం కొత్త కాదు. కానీ అక్కడి కారం మసాలా ఇక్కడ వెతకొద్దు. పులియబెట్టిన సోయా, అంటే అఖుని, సూమీ తెగ సొత్తు. సోయా గింజలు మెత్తగా ఉడికించి, నీళ్లు పూర్తిగా వార్చి, ఆకుల్లో చుట్టి పొయ్యి దగ్గర మూడు నాలుగు రోజులు ఉంచుతారు. చలికాలంలో ఇంకా ఎక్కువ. నీరు మిగిలినా వేడి తగ్గినా పులియడం బదులు కుళ్లుతుంది. మంచి అఖుని ఘాటుగా ఉన్నా తిన్నాక నోట్లో కమ్మదనం మిగులుతుంది, చెడినది ముక్కు మండించే వాసన కొడుతుంది. అరకిలో పొగబెట్టిన పంది మాంసాన్ని వేడినీళ్లతో కడిగి ముప్పావుగంట ఉడకనిచ్చి, రెండు చెంచాల అఖుని, టమాటా, దంచిన అల్లం, వెల్లుల్లి, ఎండుమిరప వేసి మరో పావుగంట ఉంచుతారు. కూర అంతే. పొగే సగం ఉప్పూ కారం లాంటి పని చేస్తుంది కాబట్టి ఉప్పు చివర్లో రుచి చూసి వేయాలి.

ఆవో తెగవాళ్ల అనిషి చేమాకుతో చేస్తారు. ఆకులు పేర్చి పసుపెక్కేదాకా మాగబెట్టి, నూరి, బిళ్లలు చేసి పొయ్యి మీద ఆరబెడతారు. తగినంత ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది, మన చేమాకు గుణమే. అంగామీల గల్హో జారుగా వండిన అన్నం, ఆకుకూరల జావ. చలికి ఒంట్లో హాయిగా ఉంటుంది. శాకాహారులకు ఇదే దిక్కు, అయితే మాంసం వేయకుండా ప్రత్యేకంగా వండమని ముందే చెప్పాలి. ఎండిన మాంసం ముక్కలు రుచికోసం వేయడం మామూలు. గిన్నెలూ గరిటెలూ ఒకటే కావచ్చు. అది పట్టింపు ఉన్నవాళ్లు పళ్లు, అటుకులు, పొడులు వెంట తెచ్చుకోవాలి. ఇక రాజా మిర్చి. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ మిరప కారం పది లక్షల స్కోవిల్ యూనిట్లకు అటూఇటూ, గుంటూరు సన్నానిది వేలల్లోనే. గుంటూరు కారానికే అలవాటుపడ్డాం కదా అని పచ్చడి ముద్ద కలిపితే ఆ పూట భోజనం అక్కడితో ఆగిపోతుంది. అగ్గిపుల్ల తలంత తీసుకుని అన్నంలో కలపండి. నీళ్లతో మంట పోదు, అన్నం లేదా అరటిపండు నమలండి.

వెదురు కప్పుల్లో ఇచ్చే తెల్లటి పానీయం జుథో. మొలకెత్తించిన వడ్ల పొడి వేసి పులియబెట్టిన బియ్యపు మద్యం. తాజాగా ఉంటే తియ్యగా పుల్లగా పండ్ల వాసన వస్తుంది, నిల్వైతే వట్టి పులుపే. ఈ రాష్ట్రంలో 1989 నుంచి మద్యనిషేధ చట్టం ఉంది. అసోం నుంచి సీసాలు పట్టుకురావద్దు.

శాలువాలు కొనేవాళ్లు ఒక్క గుర్తు పెట్టుకోవాలి. నాగా స్త్రీలు నేల మీద కూర్చుని, నడుముకు పట్టీ వేసుకుని, కాళ్లతో తన్నిపెట్టి నేస్తారు. ఆ మగ్గం మీద బట్ట వెడల్పు మనిషి చేతులు అందేంతే. అందుకే పెద్ద శాలువాను విడి పట్టీలుగా నేసి పొడవునా కుడతారు. మడత విప్పి ఆ కుట్లు వెతకండి. కుట్టు లేని ఒకే పన్నా బట్ట అయితే అది మిల్లుదో, పెద్ద మగ్గానిదో. అది తప్పని కాదు, కానీ చేతినేతకు ఇచ్చే వెల దానికి ఇవ్వకూడదు. చేతితో నేసిన శాలువాకు వారాలు పడుతుంది, ధర వేలల్లో ఉండటం న్యాయమే. నూలా, యాక్రిలికా అని కూడా అడగండి. యాక్రిలిక్ రంగు మెరుస్తుంది, ఉతుకుల్లో ఉండలు కడుతుంది. ముట్టుకుంటే దురద పుట్టించే అడవి మొక్క నారతో నేసిన బట్ట దొరికితే వదలకండి, అది నేసేవాళ్లు తగ్గిపోయారు. చాఖెసాంగ్ శాలువాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆవోల త్సుంగ్‌కోటెప్సు శాలువా మధ్యలో తెల్ల పట్టీ మీద నల్లరంగుతో మిథున్ (అడవిదున్న లాంటి పశువు), పులి, ఏనుగు, కోడి, మనిషి తల బొమ్మలు గీసి ఉంటాయి. చెట్టు పసరును బియ్యపు మద్యంతో కలిపి ఆ నల్లరంగు చేసేవారు. పూర్వం శత్రువు తల తెచ్చిన వీరుడికో, మిథున్‌ను బలిచ్చినవాడికో మాత్రమే దాన్ని కప్పుకునే హక్కు. ఇప్పుడు అమ్ముతారు, కొనొచ్చు. కుర్చీ కవరుగానో కాళ్ల తుడుపుగానో వాడితే మాత్రం చూసినవాళ్లకు నిజంగా బాధ కలుగుతుంది. వెదురు, కర్ర పని తీరిగ్గా చూడాలంటే దీమాపూర్ దగ్గరి దీజెఫె చేతిపనుల ఊరికి తిరుగు ప్రయాణంలో రెండు గంటలు కేటాయించండి. కత్తి కొంటే చెక్‌ఇన్ లగేజీలోనే పెట్టాలి.

బస ఎక్కడ? మూడు దారులున్నాయి. కోహిమా హోటళ్లలో వేడినీళ్లు, సాయంత్రం నైట్ మార్కెట్ తిరిగే వీలు ఉంటాయి, రోజూ ట్రాఫిక్‌లో ఇరుక్కోవాలి. కిసామా దగ్గరి టెంట్లు దూరాన్ని తగ్గిస్తాయి, కానీ రాత్రి చలి ఐదారు డిగ్రీలకు దిగుతుంది, అర్ధరాత్రి దాకా సంగీతం, ఉదయం మరుగుదొడ్ల ముందు వరుస. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు సరే, తల్లిదండ్రులతో వద్దు. కిగ్వెమా, ఫెసామా ఊళ్లలోని హోమ్‌స్టేలు అన్నిటికన్నా మంచివి. కిసామా నడక దూరం, వంటింటి పొయ్యి దగ్గర కూర్చునే భాగ్యం. బుక్ చేసేటప్పుడు నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి. వేడినీళ్లకు బకెట్ లెక్కన విడిగా డబ్బు ఇవ్వాలా, మరుగుదొడ్డి గదికి అతికి ఉందా, కప్పుకోవడానికి ఎన్ని దుప్పట్లు, రాత్రి భోజనం ఉందా. ఉత్సవంలో రేట్లు మామూలు రోజులకు రెండు మూడింతలు అవుతాయి, మంచి ఇళ్లు సెప్టెంబరుకే నిండుతాయి. అడ్వాన్సు మొత్తం కాకుండా కొంత భాగమే పంపండి. కిసామాలో జనం పెరిగేకొద్దీ ఫోన్ సిగ్నల్ పడిపోయి యూపీఐ ఆగుతుంది, నగదు దీమాపూర్‌లోనే తీసుకోండి.

ఆదివారం లెక్కలో పెట్టుకోండి. జనాభాలో అత్యధికులు క్రైస్తవులు. కోహిమాలో ఆ రోజు దుకాణాలు, చాలా టాక్సీలు కనిపించవు. ఆ పూట రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో జపాన్ సేనలతో ఇక్కడ జరిగిన పోరులో నేలకొరిగిన 1,420 మంది సైనికులకు చోటిచ్చిన యుద్ధ శ్మశానవాటికకు నడిచి వెళ్లొచ్చు. మావ్ మార్కెట్‌లో పట్టుపురుగులు, కందిరీగ పిల్లలు, నత్తలు అమ్మే స్త్రీల దగ్గరికి మాత్రం పనిదినాన, ఉదయమే వెళ్లాలి.

పల్లెకు ఖొనోమాను ఎంచుకోండి. కోహిమాకు పడమర సుమారు 20 కిలోమీటర్లు, అంగామీల ఊరు. 1998లో ఊరివాళ్లే వేట మానేసి ట్రాగోపాన్ పక్షి కోసం అడవిని కాపాడుకున్నారు. ప్రవేశ రుసుము, ఊరి గైడ్ రుసుము ఉంటాయి, ఆ డబ్బు గ్రామానికే పోతుంది. గైడ్‌ను ఆల్డర్ చెట్ల పొలాలు చూపించమనండి. చెట్టును వేళ్లతో పెకలించకుండా మనిషి ఎత్తున నరికి మళ్లీ చిగురించనిస్తారు. వేళ్లు నేలకు నత్రజనిని అందిస్తాయి, అందుకే పోడు నేల బీడుపడదు. రెండు రాత్రులు ఉంటే చాలు.

అసలు పండుగ ఊళ్లోనే చూడాలనుకుంటే డిసెంబరు వదిలేయండి. అంగామీల సెక్రెన్యి ఫిబ్రవరి 25 నుంచి. తెల్లవారుజామున మగవాళ్లు ఊరి బావి నీళ్లు చల్లుకుని శుద్ధి చేసుకుంటారు, నాలుగో రోజు యువతీ యువకులు కలిసి కూర్చుని రోజంతా పాడతారు. కిసామాలో ముక్కగా విన్న పాట అప్పుడు పూర్తిగా వినిపిస్తుంది. కొన్యాక్‌ల ఆవొలెయాంగ్ ఏప్రిల్ మొదటి వారంలో, మోన్ జిల్లాలో. అక్కడికి కోహిమా నుంచి కాకుండా అసోంలోని సోనారి వైపు నుంచి వెళ్లడం సులువు. రోడ్డు గతుకులు, గదులు కొన్నే, మోన్‌లోని పరిచయస్థుడో హోమ్‌స్టే యజమానో లేకుండా బయల్దేరొద్దు. మయన్మార్ సరిహద్దు ఊరిపెద్ద ఇంటి మధ్యగా పోయే లోంగ్వా ఊరు చూడాలనుకుంటే సైనికులు ఆపిన చోట ఆగండి, అక్కడి నిబంధనలు మారుతుంటాయి. ఆవోల మోవాత్సు మే మొదటి వారంలో, విత్తనాలు వేశాక. మొకొక్‌చుంగ్ చేరేందుకు అసోంలోని మరియాని రైల్వే స్టేషన్ దగ్గర. వాన మొదలవుతుంది కాబట్టి గొడుగు, జారని బూట్లు తప్పనిసరి.