పెద్ద సైజు సిలికాన్ టాయ్: కొనే ముందు టేపు, వాడేటప్పుడు ఓపిక

ఇక్కడ పరిశీలిస్తున్నది ఒక బ్రాండ్‌ని కాదు, ఒక రకాన్ని: లోపల గట్టి కడ్డీ, పైన మెత్తని పొర ఉండి, 5 నుంచి 7 సెంటీమీటర్ల వ్యాసంతో వచ్చే డబుల్ డెన్సిటీ సిలికాన్ డిల్డోలు. పెద్ద సైజు కావాలనుకునే పెద్దలకు ఇప్పుడు దొరికేవాటిలో మేము ధైర్యంగా సిఫార్సు చేసేది ఈ రకాన్నే. కానీ ఒక మాట ముందే చెప్పాలి. కొన్నాక వాడలేక మూలన పడేసిన టాయ్‌ని తీసి చూస్తే, తప్పు సాధారణంగా వస్తువులో ఉండదు, సైజు ఎంచుకోవడంలో ఉంటుంది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించేది పొడవు. శరీరానికి ముందుగా తెలిసేది మాత్రం లావు. ఆ లావుని కొందరు వ్యాసంగా ఇస్తారు, కొందరు చుట్టుకొలతగా ఇస్తారు, చదివేవాళ్లు రెండూ కలిపేసుకుంటారు. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 4 సెంటీమీటర్ల వ్యాసం అంటే చుట్టుకొలత సుమారు 12.6, 5 అయితే 15.7, 6 అయితే 18.8. అంకెల్లో ఒక్క సెంటీమీటరే కదా అనిపిస్తుంది, కానీ 5 నుంచి 6కి వెళ్తే అడ్డుకోత వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. అందుకే ఇప్పుడు హాయిగా పడుతున్న టాయ్‌ని బట్టలు కుట్టే టేపుతో కొలవండి. టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టండి. కొత్తది దానికంటే వ్యాసంలో 3 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ ఉండాలి. ఇంకో సంగతి కూడా చూడాలి: అత్యంత లావైన చోటు ఎక్కడుంది? తల దగ్గరే ఉంటే మొదటి క్షణంలోనే మొత్తం సైజుని భరించాలి. కొస సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ లావెక్కే ఆకారమైతే ఎక్కడ ఆగాలో మీ చేతిలో ఉంటుంది. మొదటి పెద్ద టాయ్‌కి ఈ రెండో ఆకారమే తీసుకోండి, ఇందులో మాకు రెండో అభిప్రాయం లేదు.

లావు తర్వాత చూడాల్సింది మెత్తదనం. మెత్తని సిలికాన్ గట్టిదనాన్ని షోర్ 00 అనే కొలమానంలో చెప్తారు. అంకె తగ్గేకొద్దీ మెత్తగా ఉంటుంది. 00-30 దగ్గరున్నది నొక్కితే సులువుగా లోపలికి పోతుంది, 00-50 చేతికి కాస్త ఎదురొస్తుంది. లావు ఒకటే అయినా, నొక్కుకుపోయే సిలికాన్ గట్టిదానికంటే చిన్నదిగా అనిపిస్తుంది. అలాగని మరీ మెత్తనిది కూడా పనికిరాదు. ద్వారం దగ్గర అది మడతపడి గుత్తిలా పోగుపడుతుంది, దాన్ని తోయడానికి బలం వాడాల్సి వస్తుంది. బలం వాడారంటే పని చెడినట్టే. డబుల్ డెన్సిటీ ఈ చిక్కుని తీరుస్తుంది, కడ్డీ సరిగ్గా నడిమధ్యన ఉంటేనే. బొటనవేలితో చుట్టూ తిప్పుతూ నొక్కి చూడండి. అన్ని వైపులా ఒకే లోతు దిగాక గట్టిదనం తగలాలి. ఒక పక్క వెంటనే తగిలి ఎదురు పక్క మెత్తగా దిగిపోతోందంటే పోతలో కడ్డీ జరిగింది. ఆ పలచని వైపు లోపల గోడకు గట్టిగా ఒత్తుకుంటుంది. తర్వాత అచ్చు రెండు సగాలు కలిసిన గీత మీద వేలి కొసను నడిపించండి. గోటికి తట్టే అంచు ఏదైనా ఉంటే, లూబ్ (జారుడు కోసం రాసే ద్రవం లేదా జెల్) ఎంత రాసినా అక్కడ ఒరుసుకుంటుంది. ఈ రెంటిలో ఏది కనబడినా వెనక్కి పంపేయండి.

పదార్థం విషయంలో రాజీ వద్దు. ప్లాటినం క్యూర్డ్ (ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపరిచిన) సిలికాన్‌కి సూక్ష్మరంధ్రాలు ఉండవు, వాసన రాదు, మరిగించవచ్చు. టీపీఈ, పీవీసీ, జెల్లీ అని అమ్మే మెత్తని ప్లాస్టిక్‌లు చౌక. వాటి రంధ్రాల్లో సూక్ష్మజీవులు చేరితే సబ్బుతో పూర్తిగా పోవు. మెత్తని పీవీసీలో థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనాలు) కలిసే అవకాశం ఉంది. పెట్టె తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చినా, రాత్రంతా కాగితం మీద పెడితే నూనె మరక పడినా అది మంచి సిలికాన్ కాదు. ఈ వస్తువుల డిజైన్, భద్రత కోసం ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం 2021లో వచ్చింది, తయారీదారు దాని పేరు ఎత్తుతున్నాడేమో చూడండి. గాజు, స్టీలు చిన్న సైజుల్లో బాగుంటాయి. ఇంత లావులో మాత్రం అవి ఏమాత్రం సర్దుకోవు, బరువూ ఎక్కువ. మేము వద్దంటాం.

మలద్వారంలో వాడేదానికి పీఠం, అంటే అడుగున వెడల్పైన భాగం, లేకపోతే అసలు కొనకండి. పీఠం టాయ్‌లోని లావైన చోటుకంటే వెడల్పుగా, చేత్తో పిండినా ముడుచుకోనంత గట్టిగా ఉండాలి. లోపలికి పోయిన వస్తువు వెనక కండరం మూసుకుంటుంది, మలాశయం దాన్ని ఇంకా పైకి లాక్కోగలదు. అడుగున చిన్న సక్షన్ కప్పు ఉంటే చాలదు, అది మడతపడి జారిపోతుంది. యోని గర్భాశయ ముఖద్వారం దగ్గర ముగుస్తుంది కాబట్టి అక్కడ వస్తువు తప్పిపోదు, అయినా లూబ్ అంటిన చేతికి పట్టు దొరకాలంటే పీఠం ఉండటమే మేలు.

ఇక లూబ్. పెద్ద సైజుల్లో సగం పని దీనిదే. సిలికాన్ టాయ్‌కి నీటి ఆధారిత లూబ్ నిశ్చింత. సిలికాన్ లూబ్‌తో కొన్ని టాయ్‌ల ఉపరితలం ఉబ్బి జిగటగా మారుతుంది. తప్పనిసరైతే ముందు పీఠం అడుగున ఒక చుక్క వేసి కొన్ని గంటలు వదిలి చూడండి. మలద్వారం సొంతంగా తడి పుట్టించదు, అక్కడికి చిక్కని జెల్ కావాలి. వేలి మీద కాస్త తీసుకుని పులిమితే ఈ సైజుకి చాలదు. టాయ్ మీద రెండు మూడు టీస్పూన్లు, ద్వారం లోపలా చుట్టూ ఇంకో టీస్పూన్, ఇది ఆరంభం మాత్రమే. నీటి లూబ్ ఆరిపోయేటప్పుడు ముందుగా జిగురు తగులుతుంది, ఆ తర్వాతే మంట. జిగురు తగలగానే ఆపి మళ్లీ రాయాలి, లేదా కాస్త నీళ్లు చిలకరించినా మళ్లీ జారుతుంది. సీసా మీద ఆస్మోలాలిటీ (లూబ్‌లో కరిగిన పదార్థాల గాఢత) ఉంటే చదవండి. అది 380 దాటకపోతే ఉత్తమమని, తాత్కాలికంగా 1200 వరకు ఆమోదయోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012 సలహాపత్రం చెప్తోంది. గాఢత మరీ ఎక్కువైతే లూబ్ కణాల్లోని నీటిని లాగేసి పైపొరను దెబ్బతీస్తుంది. యోని సహజ పీహెచ్ 3.8 నుంచి 4.5, మలాశయానిది 7కి దగ్గర, కాబట్టి రెంటికీ ఒకే సీసా సరిగ్గా సరిపోదు. నూనె లూబ్ తగిలితే లేటెక్స్ కండోమ్ చిరుగుతుంది.

రెండు వస్తువులకు మేము గట్టిగా అడ్డుపడతాం. ఒకటి, మొద్దుబార్చే క్రీములు. నొప్పి అనేది ఇక్కడ ఉన్న ఒకే ఒక్క హెచ్చరిక గంట, దాన్ని ఆపేస్తే చిరిగినా తెలియదు. మత్తు, మద్యం కూడా అంతే. రెండోది, నీళ్లలో కలుపుకునే పశువైద్యపు లూబ్ పొడి. బాగా జారుతుంది నిజమే, కానీ పేగుకు రంధ్రం పడి అది కడుపు కుహరంలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

వాడేటప్పుడు ముందు టాయ్‌ని గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. చల్లని సిలికాన్ తగిలితే కండరం బిగుసుకుంటుంది. శరీరం సిద్ధపడటానికి కనీసం 15, 20 నిమిషాలు కావాలి. ఉద్రేకం కలిగాకే యోని పొడవు పెరుగుతుంది, పైభాగం విచ్చుకుంటుంది. వేలు, తర్వాత అలవాటైన చిన్న టాయ్, ఆ తర్వాతే పెద్దది. కొసను ద్వారానికి ఆనించి, తోయకుండా, ఊపిరి నెమ్మదిగా వదలండి. మలద్వారానికి రెండు కండర వలయాలున్నాయి. బయటిది మన మాట వింటుంది, మలవిసర్జనకు ముక్కినట్టు కొద్దిగా ముక్కితే వదులవుతుంది. లోపలిది వినదు. దానికి సమయం ఇవ్వడం తప్ప దారి లేదు. అర నిమిషం, నిమిషం కదలకుండా ఉంటే ఒక దశలో పట్టు సడలినట్టు స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు ఒక సెంటీమీటరు, మళ్లీ ఆగడం. పక్కకు పడుకుని మోకాళ్లు మడిస్తే ఒళ్లు వదులుగా ఉంటుంది. టాయ్ మీద కూర్చునే భంగిమలో అదుపు మీదే, కానీ తొడలు అలిసి ఒంటి బరువంతా ఒక్కసారి కిందికి దిగే ప్రమాదం ఉంది, కాబట్టి చేతులకు ఆధారం ఉండాలి. ఇద్దరున్నప్పుడు టాయ్ పట్టుకున్న చెయ్యి ఎవరిదైనా, వేగం నిర్ణయించేది లోపలికి తీసుకుంటున్నవాళ్లు. ఆపమంటే అక్కడికక్కడే ఆపాలి. వెంటనే బయటికి లాగేయడం కూడా తప్పే, తీసేటప్పుడు కూడా అదే నెమ్మది.

లోతు గురించి విడిగా చెప్పాలి. మలద్వార నాళం 3, 4 సెంటీమీటర్లు, దాని పైన మలాశయం 12 నుంచి 15. ఆ చివర పేగు వంపు తిరుగుతుంది. పొడవైన గట్టి టాయ్ అక్కడ తగిలి ఆగితే అది గోడ. నెడితే తెరుచుకునే తలుపు కాదు.

ద్వారం దగ్గర మంట పుడితే చాలావరకు లూబ్ ఆరిందని అర్థం. లూబ్ రాసినా తగ్గక, మర్నాడు మలవిసర్జనలో కోసినట్టు అనిపిస్తే చీలిక పడి ఉండొచ్చు, పూర్తిగా మానేదాకా ఆపేయాలి. యోనిలో లోతుగా మొద్దు నొప్పి వస్తే గర్భాశయ ముఖానికి తగులుతోంది. టాయ్ మొదట్లో మెత్తని రింగు తొడిగితే లోతు తగ్గుతుంది. రక్తం ఆగకపోయినా, కడుపు గట్టిపడి నొప్పి చేసినా, జ్వరం వచ్చినా ఇంట్లో కూర్చోకండి, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. వస్తువు లోపల చిక్కుకుంటే పటకార్లు, విరేచనాల మందులు వద్దు. ఏం జరిగిందో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, సిగ్గుతో పోయే గంటలే పేగుకి చేటు చేస్తాయి. మొలలు, చీలికలు, పేగు వాపు జబ్బులు ఉన్నవాళ్లు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు, ఇటీవల ఆపరేషన్ లేదా కాన్పు అయినవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి.

శుభ్రం చేయడంలో ఈ రకానికి మంచి మార్కులే ఇస్తాం. మోటారు లేని సిలికాన్‌ని సబ్బుతో కడిగి, గిన్నె అడుగున గుడ్డ పరిచి 5 నుంచి 10 నిమిషాలు మరిగిస్తే సరి. గుడ్డ లేకపోతే బరువైన టాయ్ వేడి అడుగుకి తగిలి పాడవొచ్చు. మలద్వారంలో వాడినదాన్ని అలా శుభ్రం చేయకుండా యోనిలో పెట్టకూడదు. ఇద్దరు పంచుకుంటే కండోమ్ వేయాలి. మామూలు కండోమ్ ఈ లావుకి సాగి చిరగొచ్చు, లోపల అమర్చుకునే నైట్రైల్ ఆడ కండోమ్ వెడల్పుగా ఉండి బాగా పనికొస్తుంది. పూర్తిగా ఆరాక విడి నూలు సంచిలో పెట్టండి, టీపీఈ వస్తువులకు తగలనివ్వకండి. వాడిన ప్రతిసారీ పీఠం దగ్గర, కడ్డీకి పొరకి మధ్య అతుకుని వంచి చూడండి. అక్కడ సన్నని పగులు కనిపిస్తే ఆ టాయ్ పని అయిపోయింది.