విజయవాడ బుడమేరు వాగు వరదలో ఆరు రోజులు మునిగిన మా 2007 మారుతీ 800: 43 వేలు పెట్టి బాగుచేయించా, ఏడాది దాటాక ఎలా ఉందంటే

ముందు బండి సంగతి చెప్తా. 2016లో కొన్నా, 75 వేలకి. ఏపీ 16 నంబరు, ఏసీ మోడల్, 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగే గేర్లు, పవర్ స్టీరింగ్ లేదు, ఎయిర్‌బ్యాగ్ అనే మాటే లేదు. అప్పటికి మీటర్ మీద 62 వేల కిలోమీటర్లు, ఇప్పుడు లక్షా 18 వేలు. ఊళ్లో ఏసీ లేకుండా లీటరుకి 16, 17 ఇస్తుంది, ఏసీ వేస్తే 13కి పడిపోతుంది, పైగా ఏసీ వేసుకుని నలుగురం ఎక్కి కనకదుర్గ వారధి ఎక్కితే పాపం మూలుగుతుంది.

మొదటి మూడేళ్లు పెద్ద ఖర్చేం లేదు. క్లచ్ సెట్ ఒకసారి, రేడియేటర్ ఒకసారి, కింద బుష్‌లు. వీటిలో ఏదీ జేబుకి చిల్లు పెట్టదు, ఎందుకంటే 800 సామాను దొరకని షాపు ఆటోనగర్‌లో లేదు, బండి తయారీ 2014 జనవరిలోనే ఆపేసినా సరే. కొత్తది ఉంటుంది, డూప్లికేట్ ఉంటుంది, తుక్కు బండిలోంచి ఊడదీసింది ఉంటుంది, మన ఓపిక, మన బేరం.

2019లో వానాకాలం ఒకరోజు డ్రైవర్ సీటు కింద కాలికి తడి తగిలింది. మ్యాట్ లేపి చూస్తే రేకు బిస్కెట్‌లా పొడిపొడిగా రాలుతోంది. టింకరింగ్ మేస్త్రి స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ అంతా కొట్టుకుంటూ పోయాడు, టంగ్ మన్న చోట రేకు ఉన్నట్టు, దబ్ మన్న చోట పుట్టీ పెట్టి మూసినట్టు. రెండు ఫ్లోర్లూ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసి కింద కోటింగ్ కొట్టడానికి 18 వేలు అన్నాడు. ఇంట్లో గోల, 75 వేల బండికి కంటికి కనపడని చోట 18 వేలా అని. మా ఆవిడైతే ఆ డబ్బుతో పెయింట్ వేయిస్తే కనీసం బండి అందంగా అన్నా ఉండేదిగా అంది. నేను వినలేదు. ఆ వినకపోవడం తర్వాత ఎలా పనికొచ్చిందో చెప్తా.

2022లో 15 ఏళ్లు నిండాయి, ఆర్సీ రెన్యువల్. అంతకుముందు ఆర్నెల్ల కింద వెళ్లుంటే ఫీజు 600, ఏప్రిల్ నుంచి 5,000 చేశారు, మన అదృష్టం. గ్రీన్ ట్యాక్స్ వేరే. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కూడా కింద వంగి టార్చ్ వేసి ఫ్లోర్ చూశాడండీ, పెయింట్ వంక చూడనే లేదు.

ఇక అసలు విషయం. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మాది సింగ్ నగర్ దాటాక పాయకాపురం వైపు. బుడమేరు పొంగి తెల్లారేసరికి వీధిలో మోకాలు లోతు, మధ్యాహ్నానికి బండి స్టీరింగ్ దాకా నీళ్లు. మేం మేడ మీద, బండి కింద. ఆరు రోజులకి నీళ్లు తీశాక చూస్తే సీట్ల మీద బురద అట్ట కట్టింది, వాసన సంగతి చెప్పక్కర్లేదు.

ఆ టైంలో నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని సెల్ఫ్ కొట్టకపోవడం. మా వీధిలోనే ఒకాయన ఉండబట్టలేక కొట్టాడు, సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ పైకొచ్చి నీళ్లని నొక్కాలని చూస్తుంది, నీళ్లు నొక్కుడు పడవు కదా, కనెక్టింగ్ రాడ్ వంగింది. నేను బ్యాటరీ వైర్ ఊడదీసి టోయింగ్ బండి కోసం నాలుగు రోజులు ఆగా. ఆ నాలుగు రోజుల్లో తుక్కు వాళ్లు వీధుల్లో తిరుగుతూ 22 వేలు ఇస్తాం, ఇప్పుడే తోసుకుపోతాం అన్నారు. నాది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే, వరదకి దాంట్లో రూపాయి రాదు. పక్కింటాయన మూడేళ్ల కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, దాని నిండా ఎలక్ట్రానిక్సే, కంపెనీ వాళ్లు చూసి టోటల్ లాస్ రాసి డబ్బిచ్చేశారు. ఆయన కారు పోయింది, నా డొక్కు బతికింది, అదో వింత.

మెకానిక్ మొదట చేసింది ప్లగ్గులు తీసి ఇంజన్ చేత్తో తిప్పడం. తిరిగింది, మూడు కన్నాల్లోంచి బురద నీళ్లు చిమ్మాయి. ఆయిల్ తీస్తే పాలు ఎక్కువైన టీ రంగు. ఆయిల్ పోసి తీసి, పోసి తీసి మూడోసారికి రంగు నిలబడింది. గేర్ బాక్స్ ఆయిల్, పెట్రోల్ ట్యాంకు కడగడం, సెల్ఫ్ మోటార్, డైనమో విప్పి ఆరబెట్టడం, బ్రేకులు విప్పి బేరింగులు మార్చడం, సీట్లు, కార్పెట్ పాత సామాన్లలో వెతికి తెచ్చుకోవడం. ఈసీఎం, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పెట్టె, పోయింది, సెకండ్ హ్యాండ్‌ది 5,500కి దొరికింది. కంప్యూటర్ లేని పాత కార్బొరేటర్ మోడల్ అయ్యుంటే ఆ ఖర్చు కూడా ఉండేది కాదన్నాడు మెకానిక్. మొత్తం 43 వేల చిల్లర, ఐదు వారాలు.

ఈ పనులన్నీ మొదలుపెట్టే ముందు కార్పెట్ పీకి ఫ్లోర్ చూశాం. 2019లో వేసిన రేకు గట్టిగా ఉంది. అది పోయుంటే 22 వేలు తీసుకుని దండం పెట్టేవాణ్ణి, నిజంగా. ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ దొరుకుతుంది, గేర్ బాక్స్ దొరుకుతుంది, కానీ ఈ బండికి విడిగా చాసిస్ ఉండదు, ఆ రేకులే చాసిస్, అవి తుప్పు పట్టాక దాని మీద ఎంత పెట్టినా ఇసకలో పోసినట్టే. అందుకే ఎవరైనా పాత బండి బాగుచేయించనా అని అడిగితే ఇంజన్ సౌండ్ వినిపించొద్దు బాబూ, మ్యాట్ లేపి చూపించు అంటా.

రిపేరు ఖర్చు బండి ఖరీదు దాటితే అమ్మేయాలి అని అందరూ చెప్తారు. ఆ లెక్కన నేను తప్పు చేసినట్టే, బయట దీనికి 40 వేలు కూడా ఎవరూ ఇవ్వరు. కానీ 43 వేలు పట్టుకుని మార్కెట్‌కి వెళ్తే వచ్చేది ఇంకొకడి 800, దాని రోగాలేంటో నాకు తెలీదు. నా దాని రోగాలు నాకు కంఠతా వచ్చు. పైగా ఆ టైంలో నీళ్లలో మునిగిన బండ్లు కడిగి పాలిష్ కొట్టి వేరే ఊళ్లలో అమ్మకానికి పెట్టేస్తారనే భయం ఒకటి. కొనేవాళ్లు సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, పైభాగం శుభ్రంగా ఉన్నా లోపల చుట్టుకున్న చోట బురద గీత దొరుకుతుంది.

బాగుచేయించాక ఏడాది పైనే తిరిగాను, సుమారు 7 వేల కిలోమీటర్లు. రెండుసార్లు రోడ్డు మీద ఆగింది, రెండూ వైరింగ్ కప్లర్లలో తుప్పే. కుడి పవర్ విండో, అంటే నేను తర్వాత పెట్టించింది, శాశ్వతంగా పోయింది, మళ్లీ తిప్పుడు హ్యాండిలే వేయించా. ఇంజన్ మాత్రం ఒక్కసారి కూడా ఏడిపించలేదు. ఇప్పుడు పెట్రోల్‌లో ఎథనాల్ 20 శాతం, నా బండి కాలం నాటి రబ్బరు పైపులకి అది పడదంటే ముందుజాగ్రత్తగా ఫ్యూయల్ పైపులు మార్పించా, మైలేజీ కూడా కొంచెం తగ్గినట్టే ఉంది.

హైవే ఎక్కించను. గంటకి 70 దాటితే లారీ గాలికే ఊగుతుంది, పిల్లల్ని ఎక్కించుకుని హైదరాబాద్ వెళ్లే బండి కాదిది, రైలుంది. రైతు బజారుకి, స్కూలుకి, వానలో అమ్మని హాస్పిటల్‌కి తీసుకెళ్లడానికైతే బంగారం. ఒక్కటే కారు కొనే స్థోమత ఉండి రోజూ యాభై కిలోమీటర్లు తిరిగేవాళ్లు దీని జోలికి రావద్దు.

2027లో ఆర్సీ మళ్లీ అయిపోతుంది. 20 ఏళ్లు దాటినవాటికి రెన్యువల్ 10 వేలు చేశారు. అప్పటికి మళ్లీ మ్యాట్ లేపి చూస్తా, ఎడమ రన్నింగ్ బోర్డు చివర ఇప్పటికే గోళీకాయంత తుప్పు బుడగ లేచింది. మా ఆవిడ దానికి ఎదురుచూస్తోంది. బ్లోవర్ ఫుల్‌లో పెడితే వెంట్లలోంచి ఇప్పటికీ సన్నగా బుడమేరు మట్టి రాలుతుంది, తుడుచుకోడానికి డ్యాష్‌బోర్డులో ఒక గుడ్డ పెట్టుకున్నా.